మౌనం అర్ధాంగీకారం కాదు

హైదరాబాద్‌లో కూర్చుని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సర్వర్‌ను నడిపే ఉద్యోగంలో ధైర్యం కంటే పిరికితనమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ తప్పు రాశారా, సర్వర్‌తో మనకున్న ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ పుటుక్కున తెగుతుంది. అవతల కీబోర్డు ముందు మనవాళ్లెవరూ ఉండరు. కూర్చున్న కొమ్మను నరకక తప్పని పని ఇది. ముందు నడుముకు తాడు కట్టుకోండి.

ఆ తాడు ఎప్పుడో తయారైంది. జూనిపర్ రూటర్లలో ‘కమిట్ కన్‌ఫర్మ్‌డ్’ అని కొడితే మార్పు వెంటనే అమలవుతుంది. పది నిమిషాల్లోగా మీరు మళ్లీ ఖాయం చేయకపోతే పాత స్థితి దానంతటదే తిరిగొస్తుంది. ఉబుంటులో ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఇచ్చే గడువు 120 సెకన్లే. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, ఇక్కడ మౌనమంటే ‘వద్దు’ అనే.

ఈ పద్ధతి మనుషుల మధ్యా పనికొస్తుంది. టీమ్‌లో కొత్త విధానం పెడుతున్నారా? ఏ తేదీకల్లా ఫలితం కనిపించకపోతే పాతదానికి వెళ్తామో మొదటి రోజే చెప్పేయండి. ఆలస్యమైతే అహం అడ్డొస్తుంది. నేను చూసినంతలో, చెడ్డ నిర్ణయాలు ఎక్కువగా బతికేది వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లకే.

అయితే వెనక్కి వచ్చే దారి ఉందనుకోవడం వేరు, నిజంగా ఉండటం వేరు. 2021 అక్టోబరు 4న మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్ నెట్‌వర్క్‌ను కూల్చింది. అలాంటి ఆదేశాన్ని అడ్డుకోవాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంది. అత్యవసర దారి కూడా మూసుకుపోయింది. చివరికి ఇంజనీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లారు. వాళ్లకు కనీసం ఆ వీలుంది! 1982 నవంబరులో అంగారకుడి మీది వైకింగ్ 1 ల్యాండర్‌కు భూమి నుంచి వెళ్లిన తప్పు ఆదేశం దాని యాంటెన్నా గురి సమాచారాన్ని చెరిపేసింది. అది మళ్లీ పలకలేదు.

సర్వర్‌ను మొత్తంగా తిరిగి కట్టాల్సి వస్తే హడావుడి వద్దు. ఐపీ అడ్రస్, గేట్‌వే, ఎస్‌ఎస్‌హెచ్ కీ విడిగా దాచండి. ర్యామ్‌లో నడిచే రెస్క్యూ సిస్టమ్‌లోకి వెళ్లాకే డిస్కు చెరపండి. అంతకుముందే మీ వర్చువల్ మెషీన్‌లో అదంతా ఒకసారి చేసి చూడండి, విసుగైనా సరే. పాత కెర్నల్‌నే డిఫాల్ట్‌గా ఉంచి, కొత్తదాన్ని ‘గ్రబ్-రీబూట్’తో ఒక్క బూట్‌కే ఎంచుకోండి. అది లేవకపోతే, పవర్ రీసెట్ చేయించగానే పాతదే లేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చేటప్పుడు పాత సెషన్ మూయకుండా, కొత్త విండోలోంచి లాగిన్ అయి చూడండి. ఆ తర్వాతే మేనేజరుకు ‘అయిపోయిందండీ’ అని మెసేజ్ పెట్టండి.