షెడ్డులో ట్యూబ్‌లైటు: వాట్లు చూసి కాదు, వెలుగు చూసి కొందాం

భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నుంచి రిటైరైన పెద్దవాళ్లున్న ఇళ్లకు వెళ్తే, చాలాచోట్ల స్కూటరు పెట్టుకునే షెడ్డులో ఒక పనిబల్ల కనిపిస్తుంది. దాని మీద ఒక వైస్, పక్కన గ్రైండర్, గోడకు వరసగా రెంచీలు. మా ఇల్లూ అలాంటిదే. నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో ముప్పై అయిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. రిసాలీలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఇప్పుడు ఆయన కార్యాలయం. వీధిలో ఎవరి మిక్సీ ఆగినా అక్కడికే వస్తుంది.

కిందటి దీపావళికి ముందు ఆ షెడ్డులోని పాత ట్యూబ్‌లైటు తీసేసి ఎల్‌ఈడీ పెట్టించాలనుకున్నాను. లెక్క వేశాను. పాత ట్యూబు 40 వాట్లు, చోక్ తినేది మరో 12, మొత్తం 52. ఎల్‌ఈడీ ట్యూబు 20. తేడా 32 వాట్లు. రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులంటే 38 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే దాదాపు 230 రూపాయల ఆదా. లెక్క బాగుంది. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవకది తెచ్చి బిగించాను. శాఖలో రుణ దరఖాస్తు వస్తే సగం కాగితాలు చూసి సంతకం పెట్టను. ఇక్కడ మాత్రం ధర ఒక్కటే చూశాను.

ఇరవై రోజుల తర్వాత నాన్నగారు ఉలికి పదును పెట్టి గ్రైండర్ స్విచ్ ఆపారు. రాయి బిగించిన నట్టు కదలకుండా కనిపించింది. రాయి తుడుద్దామని చెయ్యి పెట్టారు. బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. వినికిడి కొంచెం తగ్గినందువల్ల మోటారు చప్పుడు ఆయనకు తెలియలేదు. డెబ్బై రెండేళ్ల వయసులో ఇంక ఇవన్నీ ఎందుకు, షెడ్డుకు తాళం వేద్దామన్నాను. ఆయన కట్టు చూసుకుంటూ, "మర ఆగిపోనాదనుకున్నాన్రా. తప్పు నా చేతిది కాదు, నీ లైటుది" అన్నారు.

తిరిగేది ఆగినట్టు ఎందుకు కనిపించింది?

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. అందువల్ల నాసిరకం లైటు సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. అది కంటికి తెలియదు. ఆరు పలకల నట్టు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య సరిగ్గా ఒక పలక మేర జరుగుతుంది. ఒక పలక స్థానంలోకి మరో పలక వస్తుంది కాబట్టి నట్టు నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది. నిమిషానికి 2900 చుట్ల దగ్గరలో తిరిగే గ్రైండర్, స్విచ్ ఆపాక ఆగేలోపు ఈ వేగాన్ని దాటాల్సిందే. నాన్నగారు చెయ్యి పెట్టింది ఆ క్షణంలోనే.

పాత చోక్ ట్యూబులకూ ఈ జబ్బుంది. అయితే వాటి లోపలి పూత కొంతసేపు వెలుగును నిలుపుతుంది. చవక ఎల్‌ఈడీలో డ్రైవర్ సరిగా లేకపోతే ఆ కాస్త ఆసరా కూడా ఉండదు. కార్ఖానాల్లో పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజుల మీద వేసేవారని, ఒకటి మసకబారినప్పుడు మరొకటి వెలుగుతుందని నాన్నగారు చెప్పారు. సింగిల్ ఫేజ్ ఇంట్లో ఆ వీలు లేదు. మంచి డ్రైవర్ ఉన్న లైటు కొనడమే మార్గం.

దుకాణంలోనే పరీక్ష చేసుకోవచ్చు. లైటు వెలిగించి ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి చూడండి. తెర మీద చారలు పాకినా, వెలుగు కొట్టుకున్నా వద్దనండి. ఫోన్ లేకపోతే లైటు కింద పెన్సిలును వేగంగా ఊపండి. విడివిడి పెన్సిళ్లుగా కనిపిస్తే వద్దు, మసకగా ఒకే విసనకర్రలా కనిపిస్తే మంచిది.

ఎన్ని కావాలి?

వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు. వెలుగు కొలత ల్యూమెన్లు. ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లే లక్స్. మామూలు బల్లపనికి 300 లక్స్, సన్నని పనికి 500 కావాలి. మా షెడ్డు 10 అడుగులకు 16 అడుగులు, అంటే సుమారు 15 చదరపు మీటర్లు. 300 లక్స్‌కు 4500 ల్యూమెన్లు బల్ల ఎత్తుకు చేరాలి. గోడలు, దుమ్ము సగం మింగేస్తాయి కాబట్టి దాదాపు 9000 అవసరం. 2000 ల్యూమెన్ల ట్యూబులు నాలుగు పెట్టి, రెండింటిని బల్ల మీదికి తెచ్చాం. నాలుగూ కలిపి 80 వాట్లే. వయసు పెరిగేకొద్దీ కంటిలోకి చేరే వెలుగు తగ్గుతుంది. అందుకే పెద్దవాళ్లు పనిచేసే చోట లెక్క కాస్త ఉదారంగా ఉండాలి.

బల్ల లైటు మన తలకు కొంచెం ముందుండాలి. వెనక ఉంటే మన నీడే పని మీద పడుతుంది.

పెట్టె మీద ఏం చూడాలి?

బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. సీఆర్‌ఐ 80కి తగ్గకూడదు. తగ్గితే ఎరుపు తీగకూ గోధుమరంగు తీగకూ తేడా తెలియదు. సర్జ్ రక్షణ కనీసం 2.5 కిలోవోల్టులు ఉండాలి, 4 ఉంటే ఇంకా మంచిది.

రేకుల కప్పుకు లైటును నేరుగా బిగించవద్దు. మే నెలలో మన రేకులు ఎంత కాలుతాయో తెలిసిందే. డ్రైవర్‌లోని కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగమవుతుంది. చెక్క పట్టీ వేసి నాలుగైదు అంగుళాలు కిందికి దించండి.

పాత ఫిట్టింగులోనే ఎల్‌ఈడీ ట్యూబు పెట్టేటట్టయితే చోక్, స్టార్టర్ తీయించి, పెట్టె మీది వైరింగ్ బొమ్మ ప్రకారం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కొన్ని రకాల్లో ఒక కొస గుచ్చి రెండో కొస పట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అంతకన్నా డ్రైవర్ లోపలే ఉండే బ్యాటెన్ కొత్తది తీసుకోవడం క్షేమం. పాత ట్యూబులో పాదరసం ఉంటుంది. పగలగొట్టకుండా ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి.

మా షెడ్డుకు తాళం పడలేదు. మంచి ట్యూబుకు నేను మొదట కొన్నదానికన్నా 120 రూపాయలు ఎక్కువైంది. నాన్నగారు కొత్త నియమం ఒకటి పెట్టుకున్నారు: ఎంత మంచి వెలుగున్నా, ప్లగ్ పీకి ముప్పై లెక్కపెట్టేదాకా గ్రైండర్ మీద చెయ్యి వేయకూడదు. మొన్న ఆదివారం అమ్మ కత్తిపీటకు పదును పెట్టారు. నేను పక్కనే నిలబడ్డాను. ఆయన పైకే లెక్కపెట్టారు, నాకూ వినబడేలా.