ఏ వయస్సుకు ఏ పుస్తకం?

శాస్త్రగ్రంథం ఏదైనా ప్రారంభంలోనే నాలుగు సంగతులను తేల్చి చెబుతుంది. ఇందులోని విషయమేమి, దీనివల్ల ప్రయోజనమేమి, గ్రంథానికి విషయానికి గల సంబంధమేమి, దీనిని చదువదగిన అధికారి ఎవరు? వీటినే అనుబంధ చతుష్టయం అన్నారు. అధికారి అంటే ఇక్కడ పెత్తనం గలవాడు కాదు. ఆ గ్రంథాన్ని గ్రహించే స్థితికి చేరినవాడు. పెద్దల చదువు విషయంలో పూర్వులు ఇంత జాగ్రత్త వహించారు. పిల్లలకు పుస్తకం కొనేటప్పుడు మనం ఆ నాలుగవ ప్రశ్నను మరచిపోతున్నాం.

క్షేత్రదర్శనానికి వచ్చిన పెద్దలు మనుమల కోసం గీతాభాష్యమో, సహస్రనామ వ్యాఖ్యానమో కొని తీసుకువెళ్తారు. సంకల్పం ఉత్తమమైనదే. కాని ఏడేళ్ల బాలుడు దానిని రెండు పుటలు తిప్పి మూసివేస్తాడు. అది పూజామందిరంలో పసుపు కుంకుమలతో ఉండిపోతుంది. పుస్తకమంటే తనకు అందనిదనే భావం ఆ పసిమనస్సులో నిలిచిపోతుంది. అసలు నష్టం అదే.

విష్ణుశర్మ చూపిన మార్గం

పంచతంత్ర పీఠికలో మహిలారోప్య నగరాధీశుడైన అమరశక్తికి ముగ్గురు కుమారులు. ముగ్గురికీ చదువంటే విముఖత. వ్యాకరణానికే పన్నెండేళ్లు పడుతుంది, తక్కిన శాస్త్రాలు ఎప్పటికి వస్తాయని సభలో చర్చ జరిగింది. విష్ణుశర్మ ఆరు నెలల గడువు కోరాడు. ఆయన రాజకుమారులను దండించలేదు. వారి చేతిలోని పుస్తకాన్ని మార్చాడు. నీతిశాస్త్రాన్ని సింహం, ఎద్దు, కాకి, తాబేలు నోట పలికించాడు. పిల్లవాడు చదవడం లేదని బాధపడే తల్లిదండ్రులు మొదట పరీక్షించవలసినది పిల్లవాడిని కాదు, అతనికి ఇచ్చిన పుస్తకాన్ని.

మమ్మటుడు కావ్యప్రకాశంలోను, ఓరుగంటి ఆస్థానంలోని విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలోను ఉపదేశరీతులను వివరించారు. వేదం ప్రభువువలె శాసిస్తుంది. పురాణేతిహాసాలు మిత్రునివలె బోధిస్తాయి. కావ్యం ప్రియురాలివలె మనస్సును కరిగించి ఒప్పిస్తుంది. బాల్యానికి తగినది మిత్రరీతి. భాగవతంలో ప్రహ్లాదుని చూడండి. చండామార్కుల దండనీతి అతనిపై పనిచేయలేదు. గురువులు ఇంటిపనులకు వెళ్లినప్పుడు ఆటకు పిలిచిన తోటి బాలురకు ప్రహ్లాదుడు స్నేహంగా చెప్పిన మాటలు మాత్రం వారి హృదయాలకు ఎక్కాయి.

మూడు నుండి ఐదేళ్లు: వినే వయస్సు

ఈ వయస్సులో చెవి, కన్ను రెండే పుస్తకాన్ని చదువుతాయి. పుటకు ఒక పెద్ద బొమ్మ, దాని కింద ఒకటి రెండు వాక్యాలు చాలు. బాలకృష్ణుని వెన్నముద్దలు, హనుమంతుడు సూర్యుని పండనుకొని ఎగిరిన కథ, మన పెరటి పక్షులు, జంతువుల బొమ్మల పుస్తకాలు తగినవి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ శ్రేణిలో తక్కువ ధరకు మంచి బొమ్మల పుస్తకాలు తెలుగులో వచ్చాయి. ఒడిలో కూర్చోబెట్టుకొని, అక్షరాల వెంట వేలు నడిపిస్తూ చదవాలి. అదే కథను పదిసార్లు అడిగితే విసుగు చెందరాదు. ఆవృత్తియే అభ్యాసం, అమరకోశం మన నోటికి వచ్చినదీ ఆ విధంగానే.

ఆరు నుండి ఎనిమిదేళ్లు: కూడబలుక్కునే వయస్సు

పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, తక్కువ సంయుక్తాక్షరాలు గల పుస్తకాన్ని ఎంచుకోవాలి. ఒక్క కూర్చుండుటలో కథ పూర్తి కావాలి. పంచతంత్రం, తెనాలి రామకృష్ణుని కథలు, మర్యాదరామన్న తీర్పులు దీనికి అనువైనవి. అయితే మూల పంచతంత్రంలో వంచనను, దాంపత్య దోషాలను చెప్పే కథలూ ఉన్నాయి. పిల్లల కోసం ఏర్చి కూర్చిన ప్రతినే తీసుకోవాలి. సుమతీ శతకంలోని కందాలు, వేమన ఆటవెలదులు వారానికి ఒకటి చొప్పున నోటికి రావచ్చు. ఆ శతకాలలోనూ అన్ని పద్యాలూ బాలలకు తగినవి కావు కనుక ఎంపిక పెద్దలే చేయాలి. మొదట పద్యం, ఆ తరువాతనే అర్థం. నీతిని గుచ్చిగుచ్చి అడగవద్దు.

తొమ్మిది నుండి పన్నెండేళ్లు: తానే చదివే వయస్సు

ఇది ఆకలిగొన్న వయస్సు. పుస్తకాలు ఎన్ని ఉన్నా చాలవు. 1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’ ప్రచురణ ఆగిపోయినా పాత సంచికలు దొరికితే భద్రపరచి ఇవ్వండి. కొడవటిగంటి కుటుంబరావుగారి సంపాదకత్వంలో ఆ పత్రిక సాధించిన తేటతెలుగు వాక్యం పిల్లల భాషకు గట్టి పునాది. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన ‘అమర చిత్ర కథ’ బొమ్మలతో పురాణపాత్రలను పరిచయం చేస్తుంది. ఆ పరిచయం కలిగిన పిమ్మట ఉషశ్రీగారి వచన రామాయణ భారతాలకు తీసుకురావచ్చు. నవ్వు కూడా బాలల హక్కే. ముళ్లపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ను చేతికివ్వండి, అందులో వ్యాకరణం వెదకకండి.

పదమూడు నుండి పదహారేళ్లు: ప్రశ్నించే వయస్సు

ఈ దశలో పోతన భాగవతాన్ని ఘట్టాలుగా, తాత్పర్యంతో పరిచయం చేయాలి. చతుర్థ స్కంధంలోని ధ్రువోపాఖ్యానం, సప్తమంలోని ప్రహ్లాద చరిత్ర, అష్టమంలోని గజేంద్ర మోక్షం, వామన చరిత్ర ఈ వరుస బాగుంటుంది. సవతితల్లి మాటకు నొచ్చుకున్న ధ్రువుని దుఃఖం ఈ వయస్సువారికి వెంటనే అర్థమవుతుంది. భాషాభిమానం గలవారికి 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ను ఒక కథ చొప్పున చదివించవచ్చు. గాంధీమహాత్ముని ‘సత్యశోధన’ తప్పక చదవదగినది. తండ్రి కొన్న శ్రవణ పితృభక్తి నాటకాన్ని బాల్యంలో ఎంతో ఆసక్తితో చదివానని, అది తన మనస్సుపై చెరగని ముద్ర వేసిందని ఆయన అందులో చెప్పుకున్నారు. సరైన వయస్సులో చేతికందిన ఒక పుస్తకం చేసే పని అది.

తెలుగు చదవలేని పిల్లల మాట

ఆంగ్లమాధ్యమంలోను, పరరాష్ట్రాలలోను, విదేశాలలోను పెరుగుతున్న మనుమలకు తెలుగు అర్థమవుతుంది కాని అక్షరం రాదు. వారు పన్నెండేళ్లవారైనా తెలుగు లిపి విషయంలో మొదటి మెట్టు అధికారులే. దానికి నిందించవద్దు. రాత్రి భోజనానంతరం పావుగంట పెద్దలు చదివి వినిపించాలి. దూరాన ఉంటే ఫోనులోనైనా వినిపించాలి. కథ ఉత్కంఠలో ఉన్నచోట ఆపితే, తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న కోరికే అక్షరాల దగ్గరకు నడిపిస్తుంది.

పుస్తకం కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక పుట పిల్లల చేత చదివించండి. ఐదారు మాటలకు మించి తడబడితే, ఆ పుస్తకం ఇప్పటికి మీరు చదివి వినిపించవలసినది. వారు స్వయంగా చదివేది వచ్చే ఏడాది.

దాతలకు ఒక విన్నపం. షష్టిపూర్తికో, పెద్దల ఆబ్దికానికో స్తోత్రపుస్తకాలు అచ్చువేయించి పంచడం మన ఆచారం. వాటితోపాటు పైన చెప్పిన నాలుగు వయస్సులకు తగిన పుస్తకాలను కొన్ని కొని, మీ ఊరి బడికో దేవాలయానికో సమర్పించండి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికి అందేటట్లు చూడండి. చదివే బాలుడు ఒక్కడు తయారైతే, నేడు మనం పంచే స్తోత్రపుస్తకాన్ని రేపు తెరిచి చదివేవాడు ఒకడు ఉంటాడు.