స్లాక్‌లైన్ కట్టే ముందు ఒక చిన్న లెక్క

స్లాక్‌లైన్ అంటే రెండు చెట్ల మధ్య బిగించిన వెడల్పాటి నైలాన్ లేదా పాలిస్టర్ పట్టీ. దాని మీద నడవాలి. గారడీవాళ్ళ తాడులా బిర్రుగా ఉండదు. అడుగేస్తే సాగుతుంది, ఊగుతుంది. అమెరికాలోని యోసెమిటీలో కొండలెక్కేవాళ్ళ మధ్య పెరిగిన ఆట ఇది. మన క్యాంపస్‌లో కడదామంటున్న జూనియర్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నడక సంగతి తర్వాత, ముందు కట్టడం.

"నా బరువు అరవై కేజీలే కదా, ఈ స్తంభం ఆగదా?" అని అడుగుతుంటారు. ఫస్టియర్ మెకానిక్స్ గుర్తు చేసుకోండి. మధ్యలో నిలబడితే పట్టీలో లాగుడు సుమారుగా ఇంత:

బరువు × పొడవు ÷ (4 × మధ్యలో దిగిన లోతు)

10 మీటర్ల పట్టీ, 60 కేజీల మనిషి, 30 సెంటీమీటర్ల లోతు అయితే 500 కేజీల లాగుడు. అదే 15 సెంటీమీటర్లే దిగేలా బిగిస్తే 1000 కేజీలు! గెంతితే ఇంకా ఎక్కువ. ఈ బలమంతా రెండు కొసల్లోనూ పడుతుంది.

అందుకే లైటు స్తంభం, పిట్టగోడ, మెట్ల రెయిలింగ్ వద్దే వద్దు. ఇంతలా పక్కకి లాగితే తట్టుకోడానికి కట్టినవి కావవి. పచ్చగా, గట్టిగా ఉన్న చెట్టే చూడండి. చుట్టుకొలత మీటరుకు తగ్గితే నేను కట్టను. తొర్ర, చెదలు, కదిలిన వేళ్ళు కనిపిస్తే వదిలేయండి. బెరడు కోసుకుపోకుండా మందంగా మడిచిన గోనెసంచి చుట్టి, దాని మీద పట్టీ వేయండి.

ఎత్తు మోకాలు దాటొద్దు, కానీ నిలబడితే పట్టీ నేలను తాకకూడదు. కింద రాళ్ళు, మొద్దులు ఏరేయండి. పట్టీకి చిన్న కోత ఉన్నా పక్కన పడేయండి. దానికి కుట్టిన చీటీలో తెగిపోయే బలం, వాడదగిన బలం అని రెండు అంకెలుంటే, మనం లెక్కేసుకోవాల్సింది రెండోదే.

రాచెట్‌ను వేరే తాడుతో చెట్టుకు వదులుగా కట్టి ఉంచండి. పట్టీ తెగితే ఆ ఇనప ముక్క ఎగిరి మీదికి రాకుండా ఆపుతుంది. విప్పేటప్పుడు పట్టీ మీద ఎవరూ ఉండొద్దు, వేళ్ళు దూరంగా ఉంచండి, ఒక్కసారిగా జర్కు ఇస్తుంది. ఆట అయ్యాక కట్టిన పట్టీని అలా వదిలేసి పోవద్దు. చీకట్లో సైకిల్ మీద వచ్చేవాడికి అది కనబడదు.

"ఇంకో నాలుగు క్లిక్కులు బిగించరా, నీ బ్యాలెన్స్‌కి తిరుగేముంది!" అని మునగచెట్టు ఎక్కించే ఫ్రెండ్స్ ఎలాగూ ఉంటారు. పై లెక్క వాళ్ళతోనే చేయించండి.