విదేశీ విద్యానిధి: విమానం దిగాక మొదటి సెమిస్టర్ గట్టెక్కేదెలా?

అమెరికా వీసాకు వేలిముద్రలు ఇచ్చే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. ఇంటర్వ్యూ నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో. ఆ దారిలో క్యాబ్ నడిపే డ్రైవర్ కొడుకైనా, అక్కడి టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే అమ్మ బిడ్డ అయినా ఎం.ఎస్. చదవడానికి వెళ్లాలన్నదే ఈ పథకం ఉద్దేశం. వీసా వచ్చింది, టికెట్ బుక్ అయింది. మరి దిగిన తర్వాత సంగతేంటి? విద్యార్థి, అమ్మానాన్న కలిసి కూర్చుని ఇది చదవండి.

పథకం క్లుప్తంగా

ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి 2013లో మొదలైంది. మైనారిటీలకు 2015లో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో 2016లో ఇలాంటి పథకాలే వచ్చాయి. సాయం రూ. 20 లక్షల వరకు. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో చేయాలి. వయసు, ఆదాయం, మార్కుల అర్హతలు మీ శాఖ తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. సాయం రెండు విడతలు. మొదటి విడత మీరు ఆ దేశంలో దిగినట్టు ఇమ్మిగ్రేషన్ పత్రం చూపించాక. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే దిగిన రోజు మీ చేతిలో ప్రభుత్వ సొమ్ము ఉండదు. కాగితాలు అప్‌లోడ్ కావాలి, పరిశీలన జరగాలి, బిల్లు పాస్ కావాలి. అందుకు టైం పడుతుంది.

కాబట్టి మొదటి సెమిస్టర్ ఫీజుకు, కనీసం నాలుగు నెలల అద్దెకు, తిండికి, ఇంటి డిపాజిట్‌కు డబ్బు ముందే సర్దుకోండి. ఖర్చు ఎంతుంటుందో ఒక లెక్క: జర్మనీ వెళ్లే విద్యార్థి ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్యాంకులో చూపాలని 2024లో ఆ దేశం నిర్ణయించింది. అంటే నెలకు 992 యూరోలు. ఇది ఫీజు కాదు, బతకడానికే. సర్దుబాటుకు విద్యా రుణం కోసం బ్యాంకుకు వెళ్లండి. “స్కాలర్‌షిప్ వస్తుంది కదా” అని నెల వడ్డీకి బయట తేవద్దు.

బయల్దేరే ముందు మూడు పనులు

1. ఆధార్‌కు, బ్యాంకుకు లింక్ అయిన ఇండియా సిమ్ పడేయకండి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేసి, చిన్న ప్లాన్‌తో బతికించి ఉంచండి. ఓటీపీ రాకపోతే మన ఖాతాలోని డబ్బు మనమే తీయలేం.
2. మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు నెట్ బ్యాంకింగ్ పెట్టించుకోండి. డబ్బు విదేశానికి ఎలా పంపాలో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.
3. దరఖాస్తు నంబర్, ఆదాయ, కుల పత్రాలు, మార్కుల మెమోలు స్కాన్ చేసి ఒక కాపీ ఇంట్లో వాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి.

దిగిన మొదటి వారం

బోర్డింగ్ పాస్ పారేయకండి. అమెరికా అయితే ఐ-94 పత్రాన్ని అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పేరు, పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా ఉన్నాయో చూసుకుని అదే వారం అప్‌లోడ్ చేయండి. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రిపోర్ట్ చేయండి. ఏ సందేహం వచ్చినా ముందు అడగాల్సింది వాళ్లనే.

ఇల్లు చూడకుండా, అగ్రిమెంట్ చదవకుండా డిపాజిట్ పంపొద్దు. ముగ్గురు నలుగురు కలిసి ఉంటే అద్దె తగ్గుతుంది. వంట వంతులు, కరెంటు బిల్లు వాటా మొదటి రోజే మాట్లాడుకోండి. అన్నం, పప్పు, ఒక కూర వండటం ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. అక్కడ బయటి తిండి జేబు ఖాళీ చేస్తుంది. ఆరోగ్య బీమా దేనికి వర్తిస్తుందో చదువుకోండి. జ్వరానికి క్యాంపస్ హెల్త్ సెంటర్ చాలు. ప్రాణాపాయమైతే అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, జర్మనీలో 112.

పార్ట్‌టైం పని: గీత దాటొద్దు

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయాలి. అనుమతి లేకుండా బయట పెట్రోల్ బంకులో, రెస్టారెంట్‌లో చేస్తే వీసా హోదా పోతుంది. చేతికి నగదు ఇచ్చినా అది నేరుగా నిబంధన ఉల్లంఘనే. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులకు వారానికి 20 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు పరిమితి.

క్లాసులు లేని కాలేజీలో పేరు రాయించుకుని పని చేసుకోవచ్చని ఎవరైనా చెబితే 2019ని గుర్తు చేసుకోండి. మిషిగన్‌లోని ‘ఫార్మింగ్టన్ యూనివర్సిటీ’ని అమెరికా అధికారులే వలగా పెట్టారు. ఆ జనవరిలో వంద మందికి పైగా భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

రెండో విడత మీ మార్కుల్లోనే ఉంది

రాత్రంతా పని చేసి పొద్దున క్లాసు ఎగ్గొడితే నాలుగు డాలర్లు కనిపిస్తాయి. సబ్జెక్టు పోతే రెండో విడత చిక్కులో పడుతుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు పీజీ విద్యార్థి నుంచి 4కి 3 జీపీఏ ఆశిస్తాయి. అసైన్‌మెంట్ కాపీ కొట్టడాన్ని అక్కడ పెద్ద తప్పుగా చూస్తారు. పాఠం అర్థం కాకపోతే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి అడగండి, అది చిన్నతనం కాదు. ఫలితాలు రాగానే మెమో అప్‌లోడ్ చేయండి.

అమ్మానాన్నలకు ఒక మాట

చలికాలంలో షికాగోకు, మనకు పదకొండున్నర గంటల తేడా. మన రాత్రి తొమ్మిదిన్నర అంటే వాళ్లకు పొద్దున పది. ఫోన్ ఎత్తలేదని కంగారు పడకండి, వారానికి రెండు రోజులు టైం ఖాయం చేసుకోండి. “పైసలు ఎప్పుడు పంపుతావ్” అని మొదటి ఏడాది అడగొద్దు. ఆ ఒక్క మాటకే పిల్లలు చేయకూడని పనికి పోతారు. “తిన్నావా, క్లాసుకు పోయినవా” అని అడగండి చాలు.

కష్టం వస్తే దాచుకోవద్దు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా ముందే నమోదు చేసుకోండి. విడత గురించి అనుమానం ఉంటే ఇంట్లో వాళ్లు మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు దరఖాస్తు నంబర్‌తో వెళ్లి అడగొచ్చు. మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వాల్సిన పని లేదు.