ఖలీలుల్లా పేరు విడదీసి చూడు

బీదర్



మనవరాలా, అరబీ నేర్చుకోవడం మొదలుపెట్టావని తెలిసి సంతోషమైంది. అల్లా అంటే ముస్లింల దేవుడి పేరా, దేవుడు అనే మాటేనా అని అడిగావు. మన ఊరి నుంచే మొదలుపెడతాను.

అష్టూరు దారిలో చౌఖండీ చూశావు కదా, అది హజ్రత్ ఖలీలుల్లా సమాధి. ఆయన తండ్రి ఇరాన్‌లోని కిర్మాన్ సూఫీ గురువు షా నిమతుల్లా. బహమనీ సుల్తాను అహ్మద్ షా పిలుపు మీద ఆ ఇంటి నుంచి ముందు మనవడు నూరుల్లా వచ్చాడు. 1431లో గురువు పోయాక ఖలీలుల్లా వచ్చాడు. మూడు పేర్ల చివరా నువ్వడిగిన మాటే ఉంది. ఖలీల్ అంటే స్నేహితుడు, నిమత్ అంటే అనుగ్రహం, నూర్ అంటే వెలుగు.

ఖలీలుల్లాలో ఖలీలు, అల్లాహ్ కలిశాయి. మన ఉకార సంధిలోనైతే ముందున్న 'ఉ' పోతుంది. ఇక్కడ 'ఉ' నిలిచింది, వెనకున్న 'అ' జారిపోయింది. అరబీలో అలా జారేది మాటల ముందు చేరే 'అల్'లోని 'అ'. ఇలాహ్ అంటే దేవుడు. దాని ముందు 'అల్' చేరి, వాడుకలో కుదించుకుపోయి అల్లాహ్ అయిందని ఎక్కువమంది పండితుల మాట. కాదు, ఇది మొదటినుంచీ పేరేనన్నవారూ ఉన్నారు. 'యా' అనే పిలుపు తర్వాత 'అల్' ఉన్న మాట నేరుగా రాకూడదు, కానీ 'యా అల్లాహ్' అంటారు, అక్కడ 'అ' కూడా జారదు. గట్టి వాదనే. అయినా నాకు మొదటిదే సరైనదనిపిస్తుంది. ఇలాహ్‌కు బహువచనం ఉంది, అల్లాహ్‌కు లేదు. మాటగా పుట్టి పేరుగా స్థిరపడిందన్నమాట.

అల్లాహ్ అనే ఈ మాట ఇస్లాంతో పుట్టింది కాదు. ప్రవక్త పుట్టకముందే ఆయన తండ్రి పేరు అబ్దుల్లా, దేవుడి దాసుడని అర్థం. అరబ్బు క్రైస్తవుల బైబిల్లో ఈనాటికీ దేవుడు అల్లాహే. పదో శతాబ్దంలో తోరాను అరబీలోకి తెచ్చిన యూదు పండితుడు సాదియా గావోన్ కూడా ఈ మాటే వాడాడు. గుడ్ ఫ్రైడే నాడు మన తెలుగు చర్చిల్లో చదివే 'ఎలోయీ' అన్న పిలుపు ఉందే, అది ఏసు మాట్లాడిన అరమాయిక్. ఇలాహ్‌కు దగ్గరి చుట్టం.

ఒక్క హెచ్చరిక. అహ్మద్ షాను లింగాయతులు అల్లమ ప్రభువుగా కొలుస్తారు, ఆయన ఉర్సుకు జంగమ స్వామి వస్తారు. ఆ భక్తికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అల్లమ, అల్లా అని ధ్వని కలిసినంత మాత్రాన రెండు మాటలకూ చుట్టరికం కట్టకు.

ఈసారి క్లాసులో అబ్దుల్లా, బిస్మిల్లా రెండూ మీ ఉస్తాద్ చేత పలికించుకుని విను. మొదటిదాంట్లో 'ల్ల' బరువుగా, రెండోదాంట్లో ముందు 'ఇ' ఉంది కనుక తేలిగ్గా వస్తుంది. ఆ తేడా చెవికి పట్టేదాకా వదలకు.