బోరు మోటారు లాగే ఇనుప తాడు: కొనుగోలుదారుకు చట్టం ఇచ్చే అండ

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో బోరు నీటితో మామిడి తోటలు, మిరప, పత్తి చేలు సాగుచేసే రైతుకు, బోరు మోటారు చెడిపోయిన ప్రతిసారీ దాన్ని పైపులతో సహా పైకి లాగే వించితో పని పడుతుంది. వించి అంటే తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బరువును ఎత్తే లేదా లాగే యంత్రం.  పాత తాడు తుప్పు పట్టి, తీగలు తెగి, మార్చక తప్పని స్థితి వచ్చినప్పుడు చాలామంది లావు, ధర మాత్రమే చూసి కొత్తది కొంటారు. ఆ తాడు మధ్యలో తెగితే మోటారు బోరులో పడిపోవడమే కాక, పక్కన నిలబడిన మనిషి ప్రాణానికి కూడా ముప్పు కలుగుతుంది కనుక, ఈ కొనుగోలుకు సంబంధించిన హక్కులను ముందే తెలుసుకోవడం అవసరం.

కొనే ముందు అడగవలసినవి

ఇనుప తాడు, అనగా వైరు రోపు, సన్నని ఉక్కు తీగలను పేటలుగా పేని, ఆ పేటలను నడుమ ఉన్న గర్భం చుట్టూ అల్లినది. దాని అల్లికను తెలిపే 6×19 అంటే 6 పేటలు, ఒక్కో పేటలో 19 తీగలు అని అర్థం. 1770 గ్రేడు అంటే తీగ ఒక చదరపు మిల్లీమీటరుకు 1770 న్యూటన్ల లాగుడును ఓర్చుకోగలదని అర్థం. ఈ రకానికి చెందిన 8 మిల్లీమీటర్ల తాడు గర్భం నార అయితే సుమారు 3.8 టన్నుల వద్ద, ఉక్కు అయితే సుమారు 4.1 టన్నుల వద్ద తెగుతుంది. అయితే ఇది తెగే బరువే గాని ఎత్తదగిన బరువు కాదు. బరువులెత్తే పనిలో దీన్ని సాధారణంగా అయిదుతో భాగిస్తారు కాబట్టి, ఆ తాడుపై వేయదగినది సుమారు 750 నుంచి 800 కిలోలు మాత్రమే. సాధారణ ఇంజనీరింగు పనులకు వాడే ఉక్కు తాళ్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2266 అనే ప్రమాణాన్ని నిర్ణయించింది.

చెప్పిన పనికి పనికిరావాలి

వస్తు విక్రయ చట్టం-1930లోని 16వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు తనకు ఆ వస్తువు ఏ పనికి కావాలో తెలియజేసి, అమ్మకందారు పరిజ్ఞానంపై ఆధారపడి కొన్నప్పుడు, అది అమ్మకందారు రోజూ అమ్మే సరుకే అయితే, ఆ పనికి తగినట్లు ఉండాలన్న షరతు ఎవరూ రాయకపోయినా ఒప్పందంలో ఇమిడి ఉంటుంది. అదే కొనుగోలుదారు పని చెప్పకుండా ఫలానా కంపెనీ తాడే కావాలని పేరు పెట్టి అడిగితే, ఆ రక్షణ చాలావరకు సన్నగిల్లుతుంది. అందువల్ల మోటారు, పైపులు, వాటిలోని నీరు కలిపి ఎంత బరువో దుకాణంలో చెప్పడం, తాడు లావు, అల్లిక, గ్రేడు, గర్భంతో పాటు ఏ పనికి అమ్మారో కూడా బిల్లుపై రాయించుకోవడం అత్యంత ముఖ్యం.

బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం-2019 అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని గోడకు రాసి పెట్టినా, లోపమున్న వస్తువును బిల్లులో తెలిపిన గడువులో, గడువు తెలపకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడం కూడా ఆ కోవలోకే వస్తుంది. తూనికలు, కొలతల చట్టం-2009 ప్రకారం ధర మీటర్ల లెక్కన చెప్పాలే గాని అడుగుల లెక్కన చెప్పకూడదు.

రైతు వినియోగదారుడేనా?

తిరిగి అమ్మడానికి గాని, వాణిజ్య ప్రయోజనానికి గాని కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొన్నవారికి మినహాయింపు ఉన్నదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. కనుక సొంత బోరు ఉన్న రైతు, స్వయంగా పనిచేసుకునే మెకానిక్కు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాలపై పోరాడిన జాతీయ విత్తన సంస్థ కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతులను వినియోగదారులుగానే గుర్తించడమే కాక, విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్షకు నమూనా దాచి ఉంచాలని ఆశించడం తగదని కూడా చెప్పింది. తాడు విషయంలో ఆ ఇబ్బంది లేదు; తెగిన రెండు కొసలనూ పారవేయకుండా భద్రపరిస్తే, ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషన్ వాటిని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించగలదు.

తెగి నష్టం జరిగితే

లోపమున్న ఉత్పత్తి వల్ల మనిషికి గాని, ఇతర ఆస్తికి గాని హాని కలిగితే తయారీదారు పరిహారం ఇవ్వాలని 2019 చట్టం చెబుతుంది. తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ బాధ్యత అమ్మకందారుపై పడవచ్చు. మితిమీరిన బరువు వేసినా, తెగిన తాడును ముడివేసి వాడినా, దుర్వినియోగం అన్న వాదన అమ్మకందారుకు అందివస్తుంది.

ఫిర్యాదును రెండేళ్లలోపు, నివాసమున్న జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసే ఈ వెసులుబాటు పాత 1986 చట్టంలో లేదు; దీనివల్ల తెలంగాణలోని మధిరలోనో ఖమ్మంలోనో తాడు కొన్న గంపలగూడెం రైతు కూడా విజయవాడలోని వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు. కేసు వేయకముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులోనూ, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరులోనూ సంప్రదించవచ్చు.

గాయపడినది మోటారు లాగడానికి వచ్చిన కూలీ అయితే అతని హక్కు వేరుగా నిలుస్తుంది. బోరుబావుల తవ్వకం, నిర్వహణ, మరమ్మతు పనివారిని 1923 నాటి పరిహార చట్టమే తన రెండో షెడ్యూలులో పేర్కొన్నది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి-2020 సైతం పనిలో జరిగిన ప్రమాదానికి యజమానే పరిహారం చెల్లించాలన్న నియమాన్ని కొనసాగించింది. తాడు లోపానికి దుకాణదారును నిలదీసే హక్కున్న మెకానిక్కే తన కింద పనిచేసే కూలీకి జవాబుదారీ కనుక, అరిగిపోయిన తాడును సకాలంలో మార్చడం అతని విధి కూడా.