మెడికల్ బోర్డు కాగితం మీద సంతకం పెట్టే ముందు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలట్రీలో చేసి వచ్చిన మనిషి లేని ఊరు అరుదు. పదిహేనేళ్లు సర్వీసు నిండితే పింఛను వస్తుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒంట్లో జబ్బుతో బయటికొచ్చిన జవానుకు ఆ పింఛను మీద డిజేబిలిటీ పింఛను కూడా రావచ్చన్న సంగతి మాత్రం చాలామందికి ఇంటికొచ్చిన ఐదారేళ్లకు గానీ చెవిన పడదు. అప్పటికి కాగితాలు చెదలు తిని ఉంటాయి, గడువులు దాటి ఉంటాయి. అందుకే ఇది సర్వీసులో ఉన్నవాళ్లు ముందు చదవాలి, రిటైరైనవాళ్లు తర్వాత. ఈ క్లెయిము గెలుపోటములు చాలావరకు యూనిట్‌లో ఉండగానే తేలిపోతాయి.

లెక్క ఇది. జబ్బు సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. ఈ రెండూ తేల్చేది బయటికి పంపే ముందు కూర్చునే రిలీజ్ మెడికల్ బోర్డు. సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని బోర్డు రాసేస్తే దాన్ని జవాన్లు పొట్టిగా 'నానా' అంటారు. ఆ మాట పడిందంటే పింఛను ఆఫీసు తలుపు మూసేస్తుంది. "ఏటి సేస్తాం బాబూ, డాక్టర్లే రాసీసినారు" అని ఇంటికొచ్చి కూర్చునేవాళ్లే ఎక్కువ. డాక్టర్లు రాసినదాని మీద కూడా అప్పీలు ఉంది. అది తర్వాత చెబుతాను.

ఇలాంటి క్లెయిముల్లో రుజువు చేయడం కష్టమైనవి రసాయనాలు పీల్చి వచ్చే జబ్బులు. యుద్ధంలో రసాయనాల మాట వస్తే మన సిపాయిలది పాత కథే. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు విషవాయువు వదిలినప్పుడు దాన్ని పీల్చినవాళ్లలో భారతీయ సిపాయిలున్నారు. 1930ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు రావల్పిండిలో భారతీయ సిపాయిల మీదే మస్టర్డ్ గ్యాస్ ప్రయోగాలు చేశారు. ఒళ్లు కాలినవాళ్లకు తర్వాత ఏమైందో పట్టించుకున్న నాథుడు లేడు. అమెరికా 2022లో పాక్ట్ అనే చట్టం తెచ్చింది: ఫలానా దేశంలో ఫలానా కాలంలో పనిచేసి, ఫలానా జబ్బు వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే లెక్క. రుజువు చూపించమని సైనికుణ్ని వేధించరు. రసాయనాలకు సంబంధించి అలాంటి చోట్ల జాబితా మన దగ్గర లేదు.

దాని బదులు మనకున్నది ఒకటుంది: భర్తీనాటి మెడికల్. 1982 నాటి నిబంధనల ప్రకారం భర్తీలో ఒంట్లో ఏ లోపమూ రాయకుండా ఫిట్ అని తీసుకుంటే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసులోనే వచ్చినట్టు భావించాలి. రుజువు భారం జవాను మీద లేదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 2న తేల్చింది ఇదే. ఆయన 1985లో సిగ్నల్స్‌లో చేరాడు, మూర్ఛ జబ్బుతో 20 శాతం వైకల్యం రాసి 1994లో పంపేశారు, పింఛను ఇవ్వలేదు. భర్తీలో ఈ జబ్బు ఉన్నట్టు రాయలేదు కదా, కారణం చెప్పకుండా ఎలా కాదంటారని కోర్టు అడిగింది. పింఛను ఇప్పించింది.

అయితే నిబంధనలు 2008లో మారాయి, మళ్లీ 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్తవి వచ్చాయి. పాత నిబంధనల్లో ఉన్నంత మొగ్గు ఇప్పుడు జవాను వైపు లేదు. పీస్ స్టేషన్‌లో జబ్బు బయటపడిందన్న ఒక్క మాటతో కొట్టేయకూడదని, బోర్డు సరైన కారణాలు రాయాలని 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, నిజమే. కానీ కోర్టు మనవైపు ఉందని చేతులు ముడుచుకుంటే లాభం లేదు. కొత్తగా బయటికొచ్చేవాళ్లు సొంత ఆధారాలు పోగేసుకోవాల్సిందే.

ఆ ఆధారం ఎక్కడ పుడుతుంది? రసాయనం అంటే యుద్ధభూమిలో గ్యాసు ఒక్కటే కాదు. పెట్రోలు డిపోలో ఏళ్ల తరబడి పీల్చిన ఆవిరి, మందుగుండు డిపోలో పొడి, వర్క్‌షాపులో బ్యాటరీ ఆసిడ్, వెల్డింగ్ పొగ, నేవీలో పాత ఓడల ఇంజను గదుల్లో పైపులకు చుట్టిన ఆస్బెస్టాస్, పెయింటు గీకిన దుమ్ము, దోమలకు కొట్టే మందు. ఎత్తయిన పోస్టుల్లో బంకరు మూసుకుని కిరోసిన్ బుఖారీ పక్కన పడుకున్న రాత్రులు కూడా ఇందులోకే వస్తాయి. దగ్గు, ఆయాసం, చర్మం పొక్కడం, తలతిరుగుడు వస్తే మనవాడు ఏం చేస్తాడు? మాత్ర వేసుకుని డ్యూటీకి పోతాడు. సిక్ రిపోర్టు చేస్తే పేరు చెడుతుందని, ప్రమోషన్ పోతుందని భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ ఎంఐ రూములో (యూనిట్ వైద్య పరీక్ష గదిలో) రాయించుకోని దగ్గు పదేళ్ల తర్వాత బోర్డు ముందు లేనట్టే లెక్క. చూపించుకున్న ప్రతిసారీ ఏ పనిలో ఉండగా వచ్చిందో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించండి. 'దగ్గు' అని రాసినదానికీ, 'బ్యాటరీ గదిలో డ్యూటీ చేస్తుండగా దగ్గు' అని రాసినదానికీ బోలెడు తేడా. చీటీకి ఫొటో తీసి ఇంటికి పంపండి. ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు, పోస్టింగు ఆర్డర్ల కాపీలు కూడా అంతే. గాయమైతే ఇంజరీ రిపోర్టు పడిందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇక బోర్డు గది. చేతికిచ్చే ఫారం నంబరు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. అందులో డాక్టరు రాసే భాగానికి ముందు జవాను సొంతంగా చెప్పుకునే భాగం ఒకటుంది. ఎక్కడెక్కడ పనిచేశావు, ఏ జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఎక్కడ వైద్యం చేయించుకున్నావు, చేరకముందు ఈ జబ్బు ఉందా, ఆరోగ్యం గురించి ఇంకేమైనా చెప్పాలా అని ప్రశ్నలుంటాయి. ఇంటికెళ్లే హడావిడిలో మనవాడు క్లర్కు నింపినదాని కింద సంతకం గీకేస్తాడు. చివరి ప్రశ్న ఎదురుగా గీత ఒక్కటే ఉంటుంది. మొత్తం క్లెయిములో మనిషి నోరు విప్పే చోటు అదొక్కటే, దాన్నే ఖాళీగా వదిలేస్తాం. ముందురోజే తెల్లకాగితం మీద తెలుగులో రాసుకోండి, ఇంగ్లిషు తెలిసిన తోటివాడితో మార్పించుకోండి, అది చూసి నింపించండి. ఆపరేషన్ వద్దు, వైద్యం వద్దు అని రాసిచ్చే అన్‌విల్లింగ్‌నెస్ కాగితం మీద ఆలోచించకుండా సంతకం పెట్టొద్దు. అది పింఛను కోసేసే ప్రమాదం ఉంది.

ఉద్దానం జవాన్ల సంగతి వేరుగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వెళ్లినవాడికి సర్వీసులో కిడ్నీ జబ్బు బయటపడితే 'ఇది మీ ఊరి జబ్బు' అనే మాట రావడం సహజం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం శాస్త్రవేత్తలే ఇంకా పూర్తిగా తేల్చలేదు. నీళ్లా, ఎండలో పనా, మందులా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కారణం తేలని జబ్బును పుట్టిన ఊరి పేరు చూసి జవాను నెత్తిన రుద్దడం న్యాయం కాదు. భర్తీలో మూత్ర పరీక్ష బాగుండి, పదేళ్ల తర్వాత క్రియాటినిన్ పెరిగితే ఆ రెండు రిపోర్టులే మీ వాదన. అలాగని ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగితే దాచొద్దు. దాచింది తర్వాత బయటపడితే నిజం చెప్పిన మాటలకు కూడా విలువ పోతుంది.

డబ్బు ఎంత? నూరు శాతం వైకల్యానికి చివరి జీతం లెక్కలో 30 శాతం. ఆ జీతం 40,000 అనుకుంటే నూరు శాతానికి నెలకు 12,000. 20 శాతం వైకల్యానికి 2,400 రావాలి. కానీ 50 కంటే తక్కువైతే 50గా, 50 నుంచి 75 దాకా అయితే 75గా, ఆపైన నూరుగా లెక్కించే పద్ధతి ఉంది. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవాళ్లకు కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో చెప్పింది. అలా 2,400 కాస్తా 6,000 అవుతుంది. పాతగా రిటైరై ఇంకా 20 శాతం లెక్కనే తీసుకుంటున్నవాళ్లు తమ పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) తీసి చూసుకోవాలి. యుద్ధంలోనో ఆపరేషన్‌లోనో తగిలిన గాయానికి వచ్చే వార్ ఇంజరీ పింఛను ఇంతకంటే చాలా ఎక్కువ.

తిరస్కరించారా? ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు రికార్డు ఆఫీసు ద్వారా పంపాలి. అక్కడా కాదంటే రెండోది. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రానికి చెన్నై బెంచి. అప్పీలుకు ముందు మెడికల్ బోర్డు కాపీ చేతిలో ఉండాలి. లేకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు కింద రికార్డు ఆఫీసునే అడగండి. ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ అయితే సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంటు అయితే వెల్లింగ్టన్. ఏళ్లు దాటిపోయినా దారి మూసుకుపోలేదు. కానీ తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆలస్యంగా వెళ్తే బకాయిలు సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే వస్తాయి. అంతకు ముందువి దొరుకుతాయన్న భరోసా లేదు.

పేర్లు ఒకసారి సరిచూసుకోండి. అప్పలనాయుడు, సత్యనారాయణ లాంటి పేర్లను డిశ్చార్జి బుక్కులో ఇంగ్లిషులో రెండు ముక్కలుగా రాస్తే ఆధార్‌లో ఒక్క ముక్కగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆన్‌లైన్‌లో పింఛను ఇచ్చే స్పర్శ్‌లో పింఛను ఆగిపోవడానికి ఇంత చాలు. భార్య పేరు కూడా చూడండి, రేపు కుటుంబ పింఛనుకు ఆమె తిరగాల్సి వస్తుంది.

రిటైరై పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీల్లో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నవాళ్లకు ఒక మాట. అక్కడ గ్యాసు పీల్చి జబ్బుపడితే అది మిలట్రీ క్లెయిము కాదు, ఈఎస్ఐ క్లెయిము. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కార్డు ఉండాలి. గార్డును పెట్టింది ఏజెన్సీ అయినా సరే, కార్డు అడిగి తీసుకోండి.

అగ్నివీర్‌లకు పింఛనే లేదు, కాబట్టి డిజేబిలిటీ పింఛనూ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే నూరు, 75, 50 శాతాల లెక్కన 44, 25, 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. సర్వీసు వల్ల అని రాయాల్సింది మళ్లీ మెడికల్ బోర్డే. నాలుగేళ్లే కదా అని చీటీలు పారేయకండి.

శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన ఇలాంటి సైనిక కార్యాలయాల్లోనే ఉచిత న్యాయ సహాయం అందించడానికి పెట్టింది. అప్పీలు రాయించుకోవడానికి ముందు అక్కడికి వెళ్లండి. వచ్చిన బకాయిలో ఇంత శాతం నాకివ్వాలని అడిగే మధ్యవర్తి చేతికి మీ పీపీఓ, బ్యాంకు పుస్తకం ఇవ్వకండి.